పుస్తకానికి పది డాలర్లు

అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో ఇల్లు కొన్న రెండు నెలలకు నేను అక్కడికి వెళ్ళాను. డాలస్‌కు ఉత్తరాన, మొన్నమొన్నటి దాకా పత్తి చేలూ పశువుల బీళ్ళూ ఉండి, ఇప్పుడిప్పుడే ఇళ్ళ వరసలు లేస్తున్న చిన్న కౌంటీ అది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. టెక్సాస్‌లో అలాంటివి 254 ఉన్నాయి. వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే అమ్మాయి మూడు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "మా ఇంటి దస్తావేజు నాన్నా. అంతా సరిగ్గా ఉందేమో చూడు" అంది.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, సబ్ రిజిస్ట్రారుగా రిటైరయ్యాను. దస్తావేజు చేతికి రాగానే నా కళ్ళు ముందు స్టాంపుల కోసం వెతుకుతాయి. ఇందులో స్టాంపు లేదు. టెక్సాస్‌లో ఇల్లు చేతులు మారితే స్టాంపు డ్యూటీ కట్టక్కర్లేదు. అలాంటి పన్ను ఎప్పటికీ వేయకూడదని 2015లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. ఏటేటా కట్టే ఇంటి పన్ను మాత్రం గట్టిగానే ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఆస్తి విలువలో ఏడున్నర శాతం కడతాం. ఇక్కడ చివరి పేజీలో కౌంటీ క్లర్క్ ముద్ర కింద రుసుము 34 డాలర్లు అని ఉంది. అంతే.

ఆ 34 దేనికో తెలుసుకోవాలనిపించింది. అమ్మాయి ఫోనులో కౌంటీ క్లర్క్ ఫీజుల పట్టిక తీసి చదివింది. దస్తావేజును నమోదు చేసినందుకు మొదటి పేజీకి 5 డాలర్లు, తర్వాతి పేజీలకు నాలుగేసి. అంటే 13. రికార్డుల నిర్వహణకు, సంరక్షణకు 10. పాత రికార్డుల భద్రతకు మరో 10. కోర్టు భవనం కాపలాకు 1. నమోదు పనికి 13 తీసుకుని, నమోదైనదాన్ని కాపాడటానికి 21 తీసుకుంటున్నారు.

ఆ రెండు పదులను అమ్మాయి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా సర్వీసులో ఎన్ని వేల చలానాలు చూశానో లెక్కలేదు. యూజర్ చార్జీ అని ఒక గడి ఉండేది. పాత పుస్తకాల కోసం అని పేరు పెట్టిన గడి మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

"సోమవారం ఆ ఆఫీసుకు తీసుకెళ్తా. ఈలోగా నీకు ఇలాంటి రికార్డులు దాచుకున్న పాత కోర్టు భవనాలు చూపిస్తాను, పద" అని అమ్మాయి శుక్రవారం సెలవు పెట్టింది.

మొదట డెంటన్ వెళ్ళాం. ఊరి నడిబొడ్డున నలుచదరపు మైదానం, దాని మధ్య గుడిలాగా కోర్టు భవనం, చుట్టూ నాలుగు వైపులా అంగళ్ళు. టెక్సాస్‌లో చాలా పాత ఊళ్ళను ఇదే పద్ధతిలో కట్టుకున్నారు. మన వైపు గుడి చుట్టూ నాలుగు వీధులు ఏర్పడినట్టు అక్కడ కోర్టు చుట్టూ ఊరు పెరిగింది. డబ్ల్యూ. సి. డాడ్సన్ అనే వాస్తుశిల్పి గీసిన ఈ భవనం 1896 నాటిది. కోర్టులు వేరేచోటికి వెళ్ళిపోయాయి. లోపల ఇప్పుడు మ్యూజియం ఉంది.

భవనం అందంగా ఉంది కానీ, నన్ను ఎక్కువగా పట్టుకున్నది దానికంటే ముందెప్పుడో ఉన్న ఒక పాత కోర్టు కథ. 1875 డిసెంబరులో ఆ పాత కోర్టు తగలబడి, కౌంటీ రికార్డుల్లో చాలావరకు బూడిదైపోయాయి. దస్తావేజు పుస్తకం కాలిపోతే ఏమవుతుందో రిజిస్ట్రేషన్ శాఖ వాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవడి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే సాక్షి పోతుంది. పెళ్ళిళ్ళు, వీలునామాలు, అప్పులు, పశువుల మీద వేసే ముద్రలు కూడా అక్కడ కౌంటీ క్లర్క్ పుస్తకాల్లోనే ఉంటాయి. ఆ కాలంలో టెక్సాస్‌లో ఇలా కాలిపోయిన కోర్టులు చాలా ఉన్నాయి. తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్ళు వాటిని 'కాలిన కౌంటీలు' అని వేరుగా గుర్తుపెట్టుకుంటారు. అక్కడికి చేరేసరికి వంశవృక్షం వేరు తెగిపోతుంది. ఆ దెబ్బలు తిన్నాకే కొత్త కోర్టులను రాతితో, ఇనుప తలుపుల గదులతో కట్టడం మొదలుపెట్టారు. డెంటన్ భవనం ఎదుట నిలబడి చూస్తుంటే ఆ రాళ్ళ మందం వెనక ఒక భయం, ఒక పట్టుదల కనిపించాయి.

అక్కడి నుంచి 380 నంబరు రోడ్డు మీద పడమరగా సాగితే డెకటర్. ఊరు మిట్ట మీద ఉంటుంది. ఇంకా ఇళ్ళు కనబడకముందే కోర్టు శిఖరం కనబడింది. ఈ వైజ్ కౌంటీ కోర్టు కూడా 1896 నాటిదే, గులాబీ రంగు గ్రానైట్ కట్టడం. సాయంత్రపు ఎండలో ఆ రాయి నానబెట్టిన కందిపప్పు రంగులోకి తిరిగింది. దీన్ని గీసింది జేమ్స్ రైలీ గోర్డన్. టెక్సాస్‌లో ఆయన కట్టిన కోర్టులు చాలావాటికి ఒకే పోలిక ఉంటుంది. నేలపటం శిలువ ఆకారంలో ఉంటుంది. ద్వారాలు నాలుగు మూలల్లో ఉంటాయి. నట్టనడుమ మెట్లు, మెట్ల మీద గోపురం. టెక్సాస్ ఎండలు మన గుంటూరు ఎండలకు తీసిపోవు. కరెంటు పంకాలు లేని ఆ రోజుల్లో మూలల నుంచి గాలి లోపలికొచ్చి, వేడెక్కి, ఆ మెట్ల గొట్టం వెంట పైకి లేచి గోపురంలోంచి బయటికి పోయేది. మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తితే మా అమ్మమ్మగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. ఆ ఇంట్లోనూ నడిమధ్య ఖాళీయే ఇంటికి ఊపిరి.

రాత్రి అక్కడే ఉండి, తెల్లారి 287 నంబరు రోడ్డు పట్టుకుని ఫోర్ట్ వర్త్ మీదుగా వాక్సహాచీకి వెళ్ళాం. ఏప్రిల్ నెల. ఎల్లిస్ కౌంటీలోకి అడుగుపెట్టగానే రోడ్డు వారలు నీలం రంగుకు తిరిగాయి. బ్లూబానెట్లు! జనుము పూసినట్టు ఒత్తుగా, కానీ నీలంగా. వాటి మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్ళు అడుగడుగునా ఉన్నారు. వాళ్ళలో పట్టు పరికిణీలు కట్టుకున్న మన పిల్లలు కూడా కనబడ్డారు.

వాక్సహాచీ కోర్టు 1897లో పూర్తయింది. ఇదీ గోర్డన్ చేతి పనే. ఎర్ర ఇసుకరాయి, గులాబీ గ్రానైట్ పొరలు పొరలుగా పేర్చి, పైకి వెళ్ళేకొద్దీ చిన్నచిన్న బురుజులుగా విడదీసి కట్టారు. శనివారం కాబట్టి తలుపులు మూసి ఉన్నాయి. బయటి వరండా స్తంభాల మీద చెక్కిన ముఖాలు చూస్తూ చుట్టూ తిరిగాం. రాతి పనికి వచ్చిన శిల్పి ఆ ఊరి అమ్మాయిని ప్రేమించి మొదట ఆమె ముఖాన్ని అందంగా చెక్కాడనీ, ఆమె కాదన్నాక చెక్కిన ప్రతి ముఖమూ మరింత వికారంగా మారిందనీ ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కథ నిజమో కాదో గానీ, ఆ కథ చెప్పుకోవడానికి స్తంభం నిలిచి ఉండటమే నాకు ముఖ్యమనిపించింది. గుడి స్తంభాల మీద బొమ్మల్ని చూపించి మా నాయనమ్మ ఎన్ని కథలు చెప్పిందో!

మధ్యాహ్నానికి హిల్స్‌బరో చేరాం. డెంటన్ కోర్టును గీసిన డాడ్సనే హిల్ కౌంటీ కోర్టును కూడా గీశాడు. 1890లో కట్టిన తెల్లరాతి భవనం, మీద గడియారపు గోపురం. 1993 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజున, అది తగలబడింది. గోపురం కూలి లోపల పడిపోయింది. వందేళ్ళు దాటిన కట్టడానికి గోడలే మిగిలాయి. ఆ పక్కనే ఉన్న ఆబట్ అనే చిన్న ఊళ్ళో పుట్టిన గాయకుడు విల్లీ నెల్సన్ వచ్చి, చందాల కోసం కచేరీ చేశాడు. ఊరూ వాడా కలిసి, గడియారంతో సహా, పాత భవనాన్ని పాత రూపంలోనే నిలబెట్టి 1999లో మళ్ళీ తలుపులు తెరిచారు.

ఆ ఏడే రాష్ట్రం మొత్తం కళ్ళు తెరిచింది. అంతకు ముందు సంవత్సరం, 1998లో, నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ అమెరికాలో అత్యంత ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో టెక్సాస్ కోర్టు భవనాలను చేర్చింది. జార్జ్ డబ్ల్యూ. బుష్ గవర్నరుగా ఉండగా 1999లో శాసనసభ కోర్టు భవనాల సంరక్షణకు ప్రత్యేక పథకం పెట్టింది. టెక్సాస్ హిస్టారికల్ కమిషన్ దాన్ని నడుపుతుంది. డబ్బు ఊరికే ఇవ్వరు. కౌంటీ ముందుగా తన భవనం స్థితిగతుల మీద పూర్తి ప్రణాళిక రాసుకోవాలి, ఖర్చులో తన వాటా పెట్టాలి, ఇకముందు భవనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చబోమని రాసివ్వాలి. ఇప్పటికి 70కి పైగా కోర్టులు ఈ దారిన పూర్తిగా బాగుపడ్డాయి. 2021 ఫిబ్రవరిలో మేసన్ కౌంటీలో ఎవరో కావాలని నిప్పుపెట్టినప్పుడు, మరమ్మతుల కోసం ముందే భవనం ఖాళీ చేసి ఉండటం మేలైంది.

హిల్స్‌బరో మైదానంలో బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటున్నాం. గడియారం రెండు కొట్టింది. నాకు మన ఊళ్ళ మంటలు గుర్తొచ్చాయి. 2009లో హైదరాబాదులో, మూసీ ఒడ్డున 1920 నుంచి నిలబడి ఉన్న హైకోర్టులో మంటలు లేచి గ్రంథాలయం కాలిపోయినప్పుడు టీవీ ముందు కూర్చుని నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. కానీ నిప్పు కనబడుతుంది, ఫైరింజన్ వస్తుంది, పేపర్లో పడుతుంది. మన రికార్డులకు నిప్పు కంటే పెద్ద శత్రువులు చప్పుడు చేయవు. చెద, చెమ్మ, కారే పైకప్పు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డెల్టాలో ఒక కార్యాలయంలో పనిచేశాను. ఇంకా కంప్యూటర్లు రాలేదు. కార్డ్ అనే కంప్యూటర్ రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది 1998లో. అప్పటిదాకా భూములు, ఇళ్ళ దస్తావేజులను ఒకటో పుస్తకంలోకి చేత్తో ఎక్కించేవాళ్ళం. ఒక రోజు తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. పసుపు కుంకుమల కింద తండ్రి ఆమెకు అరెకరం రాసిచ్చాడు. అసలు దస్తావేజు 1977 నవంబరు ఉప్పెనలో ఇంటితోపాటే కొట్టుకుపోయింది. ఇప్పుడు తోడబుట్టినవాడి కొడుకులు ఆ అరెకరం మాదంటున్నారు. "పుస్తకంలో ఉంటది గదా బాబూ, నకలు తీసియ్యి" అని అడిగింది.

ఇండెక్స్‌లో ఆమె పేరు దొరికింది. వాల్యూమ్ నంబరు, పేజీ నంబరు దొరికాయి. అర మీద నుంచి ఆ వాల్యూమ్ తీశాను. అట్ట బాగానే ఉంది. తెరిస్తే లోపల కాగితం లేదు. చెద తిన్న మట్టి నా చేతుల మీదుగా రాలింది. పుస్తకం శిథిలమైనందున నకలు ఇవ్వ వీలుకాదని ఎండార్స్‌మెంటు రాసి, ముద్ర వేసి, ఆమెకు ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. "ఇదేనా బాబూ నకలు?" అంది. నేను చెప్పే లోపలే నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఈ సంగతి అమ్మాయికి అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. ఆ బెంచీ మీద చెప్పాను.

సోమవారం పొద్దున్నే అమ్మాయి వాళ్ళ కౌంటీ క్లర్క్ ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరులో అరవయ్యేళ్ళ మనిషి ఉన్నారు. నేను ఇండియాలో ఇదే పని చేసి రిటైరయ్యానని అమ్మాయి చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. పాత రికార్డుల కోసం తీసుకునే పది డాలర్ల గురించి నా ప్రశ్న వినగానే గోడ మీద అతికించిన నోటీసు చూపించారు. కౌంటీ రికార్డులను కాపాడటానికి, బాగుచేయటానికి ఈ రుసుము అవసరమని కమిషనర్ల కోర్టు నిర్ణయించిందని అందులో ఉంది. పేరు కోర్టే గానీ, అది కౌంటీ పాలక మండలి. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు అందులో ఉంటారు. పది డాలర్లు చట్టం పెట్టిన పై హద్దు, అంతకు మించి వసూలు చేయకూడదు. రుసుము పెట్టాలంటే కౌంటీ క్లర్క్ ఏటా ఒక ప్రణాళిక రాయాలి. ఏ పుస్తకాలు పాడయ్యాయో, వేటిని ముందు బాగుచేయాలో, ఎంత ఖర్చవుతుందో అందులో చెప్పాలి. దాని మీద బహిరంగ విచారణ ఉందని పత్రికలో ప్రకటించాలి. ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఆ తర్వాతే ఆమోదం. వచ్చిన డబ్బు ఆ పనికే వాడాలి.

"చూస్తారా?" అని ఆవిడ ఇనుప తలుపు తెరిచారు. లోపల చల్లగా ఉంది. అరల్లో చెక్కలకు బదులు ఉక్కు రోలర్లు. పుస్తకాలు అట్టల మీద మందపాటి కాన్వాసు గుడ్డ తొడుక్కుని పడుకున్నాయి. ఒకదాన్ని లాగితే గిర్రున రోలర్లు తిరిగి ఒళ్ళోకి వచ్చింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. కొన్ని పుస్తకాల్లో సిరా గోధుమరంగుకు తిరిగిన చేతిరాత. ఇంకొన్ని ఫోటోస్టాట్ కాలం నాటివి. పేజీ అంతా నలుపు, దాని మీద తెల్లని అక్షరాలు.

బాగుచేయించిన పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టారు. ఎప్పుడో ఎవరో అతికించిన టేపులు ఊడదీసి, కాగితంలోని ఆమ్లాన్ని పోగొట్టి, చిరుగులకు పల్చటి కాగితం అతికించి, ఒక్కో పేజీనీ పారదర్శకమైన మైలార్ తొడుగులో పెట్టి, స్కాన్ చేసి, కొత్త అట్టలో బిగించారు. ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగారు. 1850ల నాటి అమ్మకం. పొలం అనుకుని చదవబోయాను. అమ్మింది పొలం కాదు, ఒక ఆడపిల్ల. పేరు ఉంది, వయసు ఉంది, ధర ఉంది. ఇంటిపేరు లేదు.

1865 జూన్ 19న టెక్సాస్‌లో విముక్తి ప్రకటన వినబడే దాకా మనుషుల అమ్మకాలు ఈ పుస్తకాల్లోకే ఎక్కేవి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలుగా ఉన్నవాళ్ళ వయసు, రంగు రాశారు గానీ పేర్లు సాధారణంగా రాయలేదు. అందరి పేర్లూ రాసింది 1870లోనే. తమ ముత్తవ్వ ఎవరో వెతుక్కుంటూ వచ్చే నల్లజాతి కుటుంబానికి కొన్నిసార్లు ఈ అమ్మకపు కాగితమే ఆమె పేరున్న ఒకే ఒక్క చోటు. "వాళ్ళు ఈ పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడతారు" అన్నారు ఆవిడ. తొడుగు మీద నేనూ చెయ్యి పెట్టాను. రికార్డు కాపాడటమంటే ఆస్తి ఉన్నవాడి హక్కును కాపాడటమనే ముప్పై నాలుగేళ్ళూ అనుకున్నాను. ఆస్తిగా అమ్ముడుపోయిన మనిషికి కూడా ఆ పుస్తకమే సాక్షి అని ఆ గదిలో తెలిసింది.

మన దగ్గర దస్తావేజు రాయించుకునే మనిషి లక్షల్లో సుంకం కడతాడు. ఆ డబ్బులో చాలావరకు ఖజానాలో కలుస్తుంది. రోడ్డుకో, ఆసుపత్రికో, జీతాలకో వెళుతుంది. అవన్నీ కావలసినవే. కానీ వాటి మధ్య పాత వాల్యూమ్ తన వంతు అడగలేదు, దానికి నోరు లేదు. అందుకే దాని పేరున వేరే గడి కావాలి. దస్తావేజుకు యాభయ్యో వందో, 'పాత పుస్తకాల సంరక్షణ' అని రసీదులో పేరు పెట్టి వసూలు చేయాలి. ఏ ఆఫీసులో ఏ వాల్యూములు ఏ స్థితిలో ఉన్నాయో ఏటా జాబితా రాసి గోడకు అంటించాలి. పది మందినీ పిలిచి ఆ జాబితా చదవాలి. చెద పట్టిన పుస్తకం పేరు ఒక్కసారి ఊరి ముందు చదివితే, మళ్ళీ ఏడాదికి దాని గతి ఏమైందని అడిగేవాడు తప్పకుండా ఉంటాడు.

బయటికి వచ్చేముందు ఇండెక్స్ చూపించమన్నాను. ఇప్పుడది కంప్యూటర్‌లో ఉంది. ఆవిడ కొన్నవాళ్ళ పేర్ల పట్టికలో వి అక్షరం దగ్గర ఆపారు. వాన్స్, వాన్, వెలగపూడి, వేములపల్లి, వెర్నన్. పత్తి చేలున్నప్పటి ఇంటిపేర్ల మధ్య మన ఇంటిపేర్లు. అమ్మాయి తెర మీద వేలు పెట్టి, "ఇదుగో, మేము" అంది.

"వీళ్ళ దస్తావేజు నకలు ఒకటి ఇప్పించండి" అన్నాను. పేజీకి ఒక డాలరు, ధ్రువీకరణకు ఐదు, మొత్తం ఎనిమిది. ఆవిడ ముద్ర వేసి, సంతకం పెట్టి, కౌంటరు మీద నుంచి అందించారు. జీవితమంతా కౌంటరుకు అవతల కూర్చుని నకళ్ళు ఇచ్చినవాణ్ణి. మొదటిసారి ఇవతల నిలబడి రెండు చేతులతో అందుకున్నాను. ముద్ర మీద సిరా ఇంకా ఆరలేదు. అమ్మాయి కారు తీసుకురావటానికి వెళ్ళింది. కాగితం మడత పెట్టకుండా పట్టుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాను. నా కళ్ళ ముందు తెల్లచీర కొంగున కట్టిన ముడి ఒక్కటే ఉంది.